శనివారం కొన్న బూట్లు

ఆ రోజుల్లో అడిలైడ్‌లో ఏదైనా వస్తువు అర్జెంటుగా కావలసివస్తే, ఆ అవసరం శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల పుట్టాలి. ఆ తర్వాత పుట్టిందా, సోమవారం దాకా దేవుడే దిక్కు. వారమంతా సాయంత్రం ఐదున్నరకి కొట్లు కట్టేసేవాళ్ళు. శుక్రవారం ఒక్కరోజు సిటీలో రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచి, అదేదో మనకి వరమిచ్చినట్టు చెప్పుకునేవాళ్ళు. ఆదివారం సంగతి సరేసరి. మా గుంటూరులో మూసిన కొట్టు తలుపు తడితే, తిట్టుకుంటూనైనా లేచి సరుకు కట్టి ఇచ్చేవాళ్ళు. ఇక్కడ తడితే పోలీసులొస్తారు.

నాకా అవసరం శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పుట్టింది. నేను బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, పెళ్ళికి ముందు మెడికల్ కాలేజీ ల్యాబ్‌లో పనిచేసిన మనిషిని. ఇక్కడికొచ్చాక రెండేళ్ళపాటు ఎక్కడ అప్లై చేసినా లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదన్నారు. పని ఇస్తేనే కదా ఎక్స్‌పీరియన్స్ వచ్చేది! ఆ రెండేళ్ళలో మొదటిసారి ఒక ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. సోమవారం పొద్దున్నే ఇంటర్వ్యూ. తర్వాత ల్యాబ్‌లోకి తీసుకెళ్ళి పరికరాలమీద పని చేయించి చూస్తారట. అన్నీ చెప్పి చివర్లో ఆవిడ, పాదం మొత్తం కప్పే లెదర్ షూస్ తప్పనిసరి, అవి లేకపోతే లోపలికి రానివ్వం అంది.

నాకున్నవి రెండు జతల చెప్పులు, పెరట్లో మట్టిపనికి వేసుకునే ఒక కాన్వాస్ జత. బొటనవేలు దగ్గర దానికి చిన్న కిటికీ కూడా ఉంది.

కారు మా ఆయన దగ్గరుంది. మా ఆయన యూనిలో, అదే యూనివర్సిటీలో, లెక్చరర్. శుక్రవారం అర్వో, అంటే మధ్యాహ్నం దాటాక, డిపార్ట్‌మెంట్‌వాళ్ళు ఆరుబయట నిప్పుల మీద మాంసం కాల్చుకు తినే బార్బీ అంటే ఆయనకి ప్రాణం. మాంసం ముట్టని మనిషి, కాలిన మొక్కజొన్న పొత్తు కోసం అంతసేపు ఎలా కూర్చుంటాడో నాకు అర్థమయ్యేది కాదు. ఎనిమిది దాటాక ఇల్లు చేరి, నా మాట సాంతం విని, “ఓస్, ఇంతేనా? రేపు పొద్దున్నే వెళ్దాం. ఎందుకంత కంగారు?” అన్నాడు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కంగారు పడాల్సినవాళ్ళు పడకపోతే, ఆ వాటా కూడా పక్కవాళ్ళే పడాలి.

మా వీధి చివరున్న ఆంటీకి ఫోన్ చేశాను. ఈ ఊళ్ళో ఇరవయ్యేళ్ళ నుంచీ ఉన్న డాక్టరుగారి భార్య ఆవిడ. “సిటీలోకి ఎందుకమ్మా? మన షాపింగ్ సెంటర్ పదినిమిషాల డ్రైవ్. పార్కింగ్ ఫ్రీ. తొమ్మిదికల్లా వెళ్ళి కొనేసుకుని రా” అంది. ఎంత మంచి మాట! అది విని ఊరుకుంటే ఆయన మా ఆయనెందుకవుతాడు?

ఆయన అంతకుముందు ఏడాది ఒక కాన్ఫరెన్స్ కోసం యూరప్‌లో ఏదో పాత నగరానికి వెళ్ళొచ్చాడు. ఉన్నది ఒక్క వారం. అప్పట్నుంచీ ఇంట్లో టీ కప్పు దగ్గర నుంచి ప్రతిదానికీ ఆ వారమే ప్రమాణం. “షాపింగ్ సెంటర్లో దొరికేది సరుకు కాదోయ్, ప్లాస్టిక్. అసలైన వస్తువు హిస్టారిక్ సెంటర్‌లోనే దొరుకుతుంది. యూరప్‌లో ఎలాగంటే, ముందు చర్చి వెతుక్కోవాలి. చర్చి వెనక సందులుంటాయి. ఆ సందుల్లో తరతరాల నుంచీ ఒకే పని చేసేవాళ్ళుంటారు. అక్కడ కొన్న జోడు నీ మనవరాలు కూడా వేసుకుంటుంది.”

“నాకు మనవరాలి దాకా అక్కర్లేదండీ. సోమవారం ఒక్కరోజు వేసుకుంటే చాలు” అన్నాను.

“అదే మన ఇండియన్స్‌తో వచ్చిన చిక్కు” అన్నాడాయన, తానేదో వియన్నాలో పుట్టినట్టు.

మర్నాడు ఎనిమిదిన్నరకల్లా తయారై గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన గడ్డం గీసుకోవడం అయ్యేసరికి తొమ్మిదైంది. కారు తాళాలు తీసుకునే వేళకి మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది.

మా అత్తగారు ఆరు నెలల వీసా మీద వచ్చి అప్పటికి మూడు నెలలైంది. మంచి మనిషే. కానీ తేదీ, తిథి, వారం, వర్జ్యం ఈ నాలుగూ చూడకుండా గ్లాసెడు మంచినీళ్ళు కూడా తాగదు. “శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. ఉద్యోగం పని మీద పోతూ రాహుకాలంలో గడప దాటతారా ఎవరైనా? కూర్చోండి ఇద్దరూ” అంది.

“అమ్మా, మన రాహుకాలం ఇండియా టైమ్ ప్రకారం కదా. ఇప్పుడక్కడ తెల్లవారుజామున ఐదు. బ్రాహ్మీ ముహూర్తం. ఇంతకంటే మంచి టైమ్ లేదు” అన్నాడు మా ఆయన. ఆయన తెలివి నాకు పనికొచ్చిన అరుదైన సందర్భాల్లో అదొకటి.

“ఇక్కడ సూర్యుడు పొడిచాడా లేదా?” అంది ఆవిడ.

“పొడిచాడు.”

“ఏ ఊళ్ళో పొడిచిన పొద్దుకి ఆ ఊరి రాహువే. మీ యూనిలో ఈపాటి చెప్పలేదూ?”

దాంతో లెక్చరర్‌గారు కూర్చుండిపోయాడు. నేనూ కూర్చున్నాను. హాల్లో గడియారం వంక చూస్తూ గంటన్నర కూర్చోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పళ్ళు నూరుకున్నాను. చీర మార్చుకున్నాను. ఏమీ తోచక ఆ కాన్వాస్ జోడే ఉతికి చూశాను. మట్టి పోయేసరికి కిటికీ ఇంకా పెద్దదైంది.

పదిన్నర దాటగానే బయల్దేరదీసింది అత్తగారు, తనూ వస్తానంటూ. ఇల్లు తాళం వేసి, మళ్ళీ తీసి, ఆవిడ శాలువా తెచ్చి, మళ్ళీ వేసి, సిటీలో పార్క్ చేసేసరికి పదకొండు దాటింది. అదీ దుకాణాలకి అరమైలు దూరంలో. ఎందుకూ అంటే, పాత నగరాన్ని నడిచే చూడాలట! చూడటానికి వచ్చామా కొనడానికి వచ్చామా అని అడిగితే, ఆ రెంటికీ తేడా లేకపోవడమే నాగరికత అన్నాడు. నడిరోడ్డు కాబట్టి ఊరుకున్నాను.

చర్చి దొరికింది. దాని వెనక సందులూ దొరికాయి. రాతి భవనాలు, ఇనుప పువ్వుల బాల్కనీలు, రంగు అద్దాలు. అన్నీ లాయర్ల ఆఫీసులు. అన్నిటికీ తాళాలు. ఒక సందులో పాత కుర్చీలు బాగుచేసే కొట్టు, ఇంకోదాంట్లో పైపు పొగాకు అమ్మే కొట్టు ఉన్నాయి. తరతరాల చెప్పులవాళ్ళ జాడ మాత్రం లేదు. అత్తగారు ప్రతి అరుగు దగ్గరా ఆగి, “ఎంత మంచి రాయిరా, మన కొండవీటి రాయి లాగుంది” అంటూ తడిమి చూస్తోంది. కొడుకు ఆ రాయి ఎక్కడ తవ్వి ఉంటారో తల్లికి వివరిస్తున్నాడు. నేను ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి చూస్తూ, పళ్ళు బిగించి, “రండి, రండి” అంటూనే ఉన్నాను. ఏడుపొచ్చేసింది నాకు. రెండేళ్ళ ఎదురుచూపు ఒక తల్లీ కొడుకుల షికారులో కొట్టుకుపోతోందని గట్టిగా అనేశాను కూడా. అప్పుడు కదిలారు.

పెద్ద బజారులోకొచ్చి పడ్డాక, ఎత్తయిన గాజు కప్పూ కింద పలకల నేలా ఉన్న పాత ఆర్కేడ్ కనబడింది. లోపల రెండువైపులా చిన్న చిన్న కొట్లు. మా ఆయన, “ఇదీ! ఇదే నేను చెప్పింది!” అంటూ మొహం వెలిగించుకున్నాడు, తనే కట్టించినట్టు. నాలుగో కొట్టు బూట్లది. తలుపు మీద ‘ఓపెన్’ అన్న అట్ట ఇంకా తిప్పలేదు. పన్నెండుకి పది నిమిషాలుంది.

కొట్టాయన డెబ్భయ్యేళ్ళ మనిషి. నా పాదం కొలిచి, వెనక గదిలోకెళ్ళి, నల్ల తోలు జత ఒకటి తెచ్చాడు. మడమ పొట్టిగా, పాదమంతా కప్పి, మెత్తగా ఉన్నాయి. చేత్తో పట్టుకుంటేనే ప్రాణం లేచొచ్చింది. కాలు పెట్టబోతున్నాను, అత్తగారు నా భుజం పట్టుకుంది.

“ఇయ్యాళ శనివారమే!”

“అవునత్తయ్యా. రాహుకాలం అయిపోయిందిగా.”

“రాహువు కాదే, శని! శనివారం తోలు కొనకూడదు. అందులోనూ నల్లటివి. చెప్పులు కొని తెచ్చుకుంటే శనిని కాళ్ళకి తొడుక్కుని ఇంటికి తెచ్చుకున్నట్టే. గుళ్ళో చెప్పులు వదిలేసి రావాల్సిన రోజున ఎవరైనా కొంటారా? నాకు దారి పొడుగునా ఏదో తొలుస్తానే ఉంది, గుర్తురాలా.”

శనివారం కొనకూడదు. ఆదివారం కొనడానికి లేదు. సోమవారం కొట్టు తెరిచే వేళకి నా ఇంటర్వ్యూ. ఈ ఊరి చట్టమూ మా అత్తగారి శాస్త్రమూ కూడబలుక్కుని నా ఒక్కదాని మీద పడ్డట్టుంది. “మరి నన్నేం చెయ్యమంటారు? ఉత్తకాళ్ళతో వెళ్ళమంటారా? ఉద్యోగం రాకపోతే అదే పెద్ద శని కాదూ?” అని అరిచాను. కొట్టాయన ఒకడుగు వెనక్కి వేశాడు. మా ఆయన ఎదురుకొట్లో టోపీలు చూడటంలో మునిగిపోయాడు. ఇలాంటప్పుడు ఆయనకి చరిత్ర మీద ఆసక్తి మరీ పెరుగుతుంది.

నా అరుపుకి అత్తగారికి కోపం రాలేదు. నా కళ్ళలోకి ఒక క్షణం చూసింది. చూసి, శాలువా సర్దుకుని, నన్ను పక్కకి జరిపి, ఆ కుర్చీలో తను కూర్చుంది.

“ఇయ్యి నేను కొంటున్నానని చెప్పు ఆయనతో.”

“మీరా?”

“నా పేరు మీద, నా కాలికి. పట్టేదేదో నన్నే పట్టుద్ది. ఏల్నాటి శనిని రెండుసార్లు మోసినదాన్ని, ఇదొక లెక్కా? నీకు ముందు బోలెడంత బతుకుంది. కానీ, చెప్పు, ఆ గడియారం చూడు.”

నేను చెప్పాను. ఆయనకి ఏం అర్థమైందో గాని, వయసులో ఆవిడకంటే పెద్దవాడు, మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ కాలు పట్టుకోబోయాడు. ఆవిడ కెవ్వుమని కాళ్ళు పైకి లాగేసుకుంది. “అయ్యో, తండ్రిలాంటి వాడు, నా కాళ్ళు పట్టుకోవడమేంటి, వద్దను, వద్దను!” ఆ తగవు తెగేసరికి ఇంకో రెండు నిమిషాలు. చివరికి తనే వంగి, మట్టెలున్న వేళ్ళని అందులో దూర్చి, లేచి నిలబడి, నేత చీర కుచ్చిళ్ళు చీలమండల దాకా ఎత్తి పట్టుకుని, కొట్టు ఆ చివర దాకా నడిచింది. జీవితంలో ఎన్నడూ బూటు తొడగని మనిషి. బురదలో నడిచినట్టు ఒక్కో అడుగూ పైకెత్తి వేస్తోంది. ఆ బూట్లతోనే కారు దాకా అరమైలు నడిచింది. విప్పమంటే విప్పలేదు. గడప దాకా తనే తేవాలంది.

సోమవారం పొద్దున బస్సుకి వేళవుతోంటే బూట్లు కనబడలేదు. ఆవిడ గదిలో, ఆవిడ మంచం కింద ఉన్నాయి. “అవి నావి. కావాలంటే అడిగి తొడుక్కో. అడిగి తీసుకున్న సొమ్ముకి దోషం అంటదు” అంది. బస్సు మలుపు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. “అత్తయ్యా, మీ బూట్లు ఒకసారి ఇస్తారా?” అని ఆ మహాతల్లి ముందు చెయ్యి చాపి అడిగి, తొడుక్కుని పరిగెత్తాను.

ఉద్యోగం వచ్చింది. వచ్చాక కూడా రోజూ పొద్దున్నే ఇదే తంతు. అడగాలి, ఆవిడ సరే అనాలి, సాయంత్రం తెచ్చి ఆవిడ మంచం కిందే పెట్టాలి. విసుగెత్తిపోయి, మొదటి జీతం రాగానే ఒక బుధవారం లంచ్‌లో ఆ ఆర్కేడ్‌కే నడిచి వెళ్ళి నాకంటూ ఒక జత కొనుక్కున్నాను. ఇక ఆ పాతవాటి గొడవ వదిలిందనుకున్నాను.

ఆవిడ ప్రయాణానికి ముందురోజు సూట్‌కేసు తూచితే బరువు ఎక్కువైంది. ఏం తియ్యొచ్చా అని చూస్తే, చీరల అడుగున పాత పేపర్లో చుట్టి ఆ బూట్లున్నాయి. నాకు ఒళ్ళు మండింది. “ఇవెందుకత్తయ్యా? అక్కడ వేసుకుంటారా, పెడతారా? ఇక్కడే పడెయ్యండి. చాక్లెట్లకి చోటొస్తుంది” అని బయటికి తీశాను.

ఆవిడ వాటిని నా చేతిలోంచి తీసుకుంది. “నేను కొన్న శని నేను పట్టుకుపోవద్దూ? నీ ఇంట్లో వదిలేసి పోతానటే?” అంది, పప్పులో ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా.

ఆ మనిషి మీద ఆరు నెలలుగా పడిన విసుగంతా నా మీదకే తిరిగింది. చాక్లెట్ డబ్బాలు తీసి పక్కన పెట్టి, బూట్లు మళ్ళీ చీరల మధ్య సర్దాను. జిప్పు పడలేదు. ఆవిడ సూట్‌కేసు మీదెక్కి కూర్చుని, “లాగవే, ఏడుపెందుకు, లాగు” అంది. లాగాను.