మొదటి కూత ఎవరిది?

కబడ్డీ ఆడినవాళ్ళు నా బండి దగ్గర కబడ్డీ గురించి మాట్లాడరు. నాలుగు ఇడ్లీలు తిని, మోకాళ్ళు పట్టుకుని లేచి, డ్యూటీకి పోతారు. మాట్లాడేదంతా ఆడనివాళ్ళే. కంచరపాలెంలో రైలు గేటు పక్కన టిఫిన్ బండి నాది. మా ఆయన హార్బరులో కలాసీగా చేసేవాడు. ఆయన చనిపోయిన ఏడాదే బండి పెట్టాను. నాకు సంతకం వరకే వచ్చు. కానీ కబడ్డీలో నన్ను ఎక్కడ కదిపినా చెప్పగలను. పొద్దున్న ఆరు నుంచి పది దాకా చెవిలో పోసేది ఆ పాఠమే కదా.

ఆ పాఠంలో ప్రశ్న ఒకటే. మా పేట జట్టులో మొదటి కూతకి వెళ్ళే నా కొడుకుని ఉంచాలా, తీసెయ్యాలా?

ఈ ప్రశ్నని నా ఎదురుగానే అడుగుతారు. నేను వేసిన పూరీ నములుతూ, నేను రుబ్బిన చట్నీ మళ్ళీ మళ్ళీ పోయించుకుంటూ అడుగుతారు. సిగ్గుండాలి. ఉండదు.

నా కొడుక్కి ముప్పై మూడేళ్ళు. పన్నెండేళ్ళుగా అమ్మవారి పండగ పోటీల్లో మా జట్టుకి మొదటి కూత వాడిదే. కూతకి వెళ్ళడమంటే తెలుసుగా, కబడ్డీ కబడ్డీ అని ఒక్క ఊపిరితో అంటూ గీత దాటి, అవతలి ఏడుగురిలో ఎవరినో తాకి, దొరక్కుండా వెనక్కి రావాలి. వాడు వెళ్ళాడంటే వచ్చేవాడు. కిందటేడు ఫైనల్లో మాత్రం రాలేదు. ఆఖరి కూతలో తిరిగొస్తుంటే కుడి మోకాలు మెలికపడి, గీతకి మూరెడు దూరంలో పడిపోయాడు. ఆ మూరెడు నేల గురించి ఏడాది మాట్లాడారు. అంత నేల కోసం అన్నదమ్ములు కూడా కోర్టుకి పోరు.

ఒట్టి ఆటే అయితే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. మా జట్టుకి బనియన్లు కుట్టించి నడిపించేది హార్బరు రోడ్డులో గోడౌన్లున్న ఒక షావుకారు. ఆయనదొక పద్ధతి. జట్టులో ఆడే ఏడుగురికీ గోడౌన్లలో వాచ్‌మన్ ఉద్యోగం. ఏడుగురిలోంచి పేరు పోయిందంటే వారం తిరక్కుండా యూనిఫాం ఉతికి అప్పగించెయ్యాలి. దొంగలొస్తే కూతకెళ్ళి తాకొస్తారనుకుంటాడో ఏమో ఆ మహానుభావుడు. నా కొడుక్కి ఇద్దరు ఆడపిల్లలు. మోకాలు పాడైనవాణ్ణి బస్తాలు మొయ్యడానికి ఎవరు పిలుస్తారు? కాబట్టి బండి దగ్గర వాళ్ళు కూత అన్నప్పుడల్లా నాకు వాడి ఇంట్లో పొయ్యి గుర్తుకొచ్చేది.

తీసెయ్యాలనే పక్షానికి పెద్ద, స్టీల్‌ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన ఒకాయన. జట్టు కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే. ముప్పై ఏళ్ళు పైన కూర్చుని కింద పనిచేసేవాళ్ళని చూసిన అలవాటు ఇంకా వదల్లేదు. ఉంచాలనే పక్షానికి పెద్ద ఒక ఆటో అతను. మా వాడి వైపు మాట్లాడేవాడు కదా, వాడంటే నాకు ఇష్టమనుకుంటారేమో. వాడు వెనకేసుకొచ్చిన ప్రతిసారీ నా కొడుక్కి ఇద్దరు శత్రువులు పెరిగేవారు.

"సెల్లెమ్మా, నువ్వేటీ అనుకోకు," అని మొదలుపెట్టేవాడు క్రేనాయన. అలా మొదలుపెట్టాడంటే అనుకోవలసిందే రాబోతోందన్నమాట. "మీవోడు మంచోడే. కానీ పనైపోనాది. ఆనందపురం నుంచొచ్చిన కొత్తోడ్ని సూసినావా? పాములాగ ఎల్తాడు, పాములాగ వత్తాడు."

"పాముకి కాల్లే నేవు బావా, మోకాలెలాగ ఇరుగుద్ది?" అన్నాడు ఆటో అతను. "పన్నెండేల్లు కప్పులట్టుకొచ్చినోడ్ని ఒక్కపాలి పడిపోనాడని పారేత్తావేటి?"

"పడిపోనాడని కాదు. ఊపిరి సాల్నేదు బావా ఆడికి. ఊపిరి అయిపోనాది."

"ఊపిరి గురించి నువ్వు సెప్పాలేటి? గేటు దాటి ఈ మెట్టెక్కడానికి రెండు పాల్లు కూకుంటావు!"

"నాను ఆడతానన్నానేటి? సూత్తానన్నాను."

"సూసింది సాలుగానీ, పూరీ సల్లారిపోతంది, తినండి," అన్నాను నేను.

రోజూ ఇదే. వాన పడితే బండి పట్టా కింద దూరి ఇదే. ఎన్నికలొచ్చినప్పుడు కూడా నాలుగు రోజులు ఓట్ల గురించి మాట్లాడి, ఐదో రోజు మళ్ళీ నా కొడుకు ఊపిరి దగ్గరికే వచ్చారు. వాడు డ్యూటీ దిగి టిఫినుకి వచ్చాడంటే అందరి గొంతులూ పడిపోయేవి. "రా బాబూ, ఎలగుంది మోకాలు?" అని ఆరా. వాడు వెళ్ళి గేటు దాటాక, ఎలా నడిచాడో చూశావా అని మళ్ళీ మొదలు.

పండగ ఇంక పదిహేను రోజులుందనగా ఆటో అతనికి ఒక ఆలోచన వచ్చింది. వాడి ఆటో కూడా అంత తొందరగా స్టార్టవదు.

"గూడ్సు పెడదాం బావా. ఇద్దర్నీ నిలబెట్టి గూడ్సు పెడదాం. తేలిపోద్ది."

ఇది మా పేటలో తప్ప ఇంకెక్కడా ఉండదనుకుంటాను. పట్టాల పక్కన పుట్టినవాళ్ళం, మాకు దేనికైనా కొలత రైలే. హార్బరు నుంచి బొగ్గు వేసుకుని గూడ్సు వస్తే, ఆడపిల్లా మగపిల్లాడూ అని లేకుండా గేటు దగ్గర వరసగా నిలబడతాం. ఇంజను దాటగానే ఒక్క ఊపిరితో కూత మొదలు. ఎవరి ఊపిరి ఏ వ్యాగన్ దగ్గర తెగితే అది వాళ్ళ లెక్క. మా ఆయనది పంతొమ్మిది వ్యాగన్లని మా మామగారు పెళ్ళిచూపుల్లో మా నాన్నకి చెప్పారు. మా నాన్న తల ఊపారు కూడా. అలాంటి వంశాలు మావి.

ఏడాదిలో ఒక్క మాట మీద కలవని ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఈ గూడ్సు మాట మీద కలిశారు. ఎవరి వ్యాగన్లు ఎక్కువైతే మొదటి కూత వాడిది, రెండోవాడు బెంచీ మీద. బెంచీ అంటే ఏడుగురిలో లేనట్టే, యూనిఫాం పోయినట్టే. అందరూ సై అన్నారు. నేనూ వద్దనలేదు. నా కొడుకు ఊపిరి నాకు తెలుసు, చిన్నప్పుడే ఇరవై దాటించినవాడు. గెలుస్తాడులే అనుకున్నాను. తప్పు నాది కూడా.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి గేటు పడింది. పేట పేటంతా అక్కడే. ఆ ఒక్కరోజు నాలుగు రోజుల ఇడ్లీలు అమ్ముడుపోయాయి, దానికి మాత్రం దణ్ణం పెట్టుకోవాలి. లెక్కపెట్టే పని ఆటో అతనిది. ఇంజను దాటింది. ఇద్దరూ మొదలుపెట్టారు. బండి మెల్లగానే పోతోంది.

"ఎనిమిదీ... తొమ్మిదీ..." అని అరుస్తున్నాడు ఆటో అతను. కొత్తవాడు కళ్ళు మూసుకున్నాడు. నా కొడుకు వ్యాగన్ల వైపే చూస్తున్నాడు. పద్నాలుగు దగ్గర కొత్తవాడి ఊపిరి తెగిపోయింది. నా బండి పక్కనే చతికిలబడి దగ్గుతున్నాడు. నీళ్ళిచ్చాను.

పదిహేను. పదహారు. పదిహేడో వ్యాగన్ సరిగ్గా ఎదురుగా వచ్చేసరికి గూడ్సు ఆగిపోయింది. ముందెక్కడో సిగ్నల్ పడలేదు. అది రోజూ జరిగేదే, ఆ సంగతి మా పేటలో మేకలకి కూడా తెలుసు. వీళ్ళకే గుర్తులేదు.

బండి ఆగింది. లెక్క ఆగింది. నా కొడుకు ఆగలేదు. ఆపమని ఎవరూ అనలేదు. ఆటో అతను వేలు పైకెత్తి పద్దెనిమిదో వ్యాగన్ కోసం చూస్తున్నాడు. క్రేనాయన వ్యాగన్‌కేసి, వాడికేసి చూస్తున్నాడు. అంతమంది మగాళ్ళు కదలని బొగ్గు బండి ముందు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. వాడి మెడ నరాలు తాళ్ళలా లేచాయి. కబడ్డీ అన్న మాట పోయి ఒట్టి గాలి చప్పుడే వస్తోంది.

కింద కూర్చున్న కొత్తవాడు నీళ్ళు మింగి, నాతోనే అన్నాడు, "మాకింతసేపు అలవాటు నేదండి. కూతకి ముప్పై సెకన్లవగానే విజిలేసేత్తారు కదా. తరవాత ఊపిరుంటే ఏటి, నేకపోతే ఏటి?"

అప్పుడు తట్టింది నాకు. పొయ్యి మీద నూనె అలాగే వదిలేసి పోయి, నా కొడుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. "సాలు. సాల్రా నాయనా." వాడు నా భుజం మీద పడిపోయాడు.

వాడికి ఊపిరి అందనేలేదు, ఈ ఇద్దరూ మొదలెట్టారు.

"సెల్లదు! బండాగిపోనాది కదా, ఇంకో గూడ్సు రావాలి," అన్నాడు క్రేనాయన.

"ఆగితే లాభమా బావా ఆడికి? పదేడు మా వోడు, పద్నాలుగు మీ వోడు. రాసుకో!"

ఇంక నా నోరు ఆగలేదు. "మీ బుద్ధి మండ! ముప్పై సెకన్ల ఆట కదా ఇప్పుడు. మేచ్చిలో విజిల్ లేటైతే రెఫరీని బూతులు తిట్టేది మీరే కదా. ఏడాదై నా పూరీలు తిని ఊపిరి, ఊపిరి అంతన్నారు. ఆడికి పోనాది ఊపిరి కాదు, మోకాలు. డాక్టరు సెప్పినాడు, ఆడు సెప్పినాడు, నాను సెప్పినాను. ఇంకెవులు సెప్పాలి మీకు? గూడ్సు డ్రైవరా?"

ఎవరూ నవ్వలేదు. తమకి తగిలినప్పుడు నవ్వే అలవాటు లేదు వాళ్ళకి.

"అమ్మా, ఊరుకో," అన్నాడు నా కొడుకు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "మావా, మొదటి కూత ఆడికిచ్చీండి. ఆడు నాకంటే బేగి తిరుగుతాడు. నన్ను ఎడం మూలకెట్టండి. వచ్చినోడి కాల్లు పట్టుకుంటాను."

జట్టంటే ఏడుగురు కదా. కూతకెళ్ళేవాళ్ళున్నట్టే, మూలల్లో నిలబడి పట్టేవాళ్ళూ ఉంటారు. వయసు మళ్ళినవాడు కూత వదిలి మూలకి పోవడం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. ఏడాది పొడుగునా ఇంత వాదన జరిగిందా, ఒక్కడికీ ఈ మాట తట్టలేదు. వాళ్ళు చూసేది కూతకెళ్ళేవాణ్ణే. మిగిలినవాళ్ళు వాళ్ళ కంటికి గీతల్లో గీతలు.

క్రేనాయన గడ్డం గోక్కున్నాడు. "బాగానే ఉందిరా. మరి ఎడం మూల ఆడతన్నోడో?"

నా నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట. "ఎవుడో ఒకడు పోవాలి కదా అన్నయ్యా," అన్నాను.

ఆ ఎవడో ఒకడు నా బండికి అవతలి పక్కనే ఉన్నాడు. చేతిలో ఉప్మా ప్లేటుంది. మా జట్టులో ఏడేళ్ళుగా ఎడమ మూల అతనిదే. రోజూ వచ్చి తిని పోయేవాడు, ఒక్కరోజు వాదనలోకి రాలేదు. అతన్ని ఎవరూ పొగడలేదు, కనీసం తిట్టనూ లేదు. ప్లేటు తీసుకెళ్ళి బుట్టలో వేసి, చేతులు కడుక్కుని, గూడ్సు కదిలి ఆఖరి వ్యాగన్ దాటగానే, గేటు ఇంకా తెరవకుండానే కింద నుంచి దూరి వెళ్ళిపోయాడు. ప్లేటులో సగం ఉప్మా ఉంది.

మంగళవారానికల్లా షావుకారు సరేనన్నాడు. నా కొడుకు ఉద్యోగం నిలబడింది. ఎడమ మూల అతను యూనిఫాం అప్పగించేశాడని మా కోడలు చెప్పింది. కూర తరుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

గురువారం వచ్చాడతను, మామూలు చొక్కా వేసుకుని. ఆటో అతను సీటు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. క్రేనాయనకి ఎన్నడూ లేనిది పేపరు మీద శ్రద్ధ కలిగింది. నేను అడక్కుండానే నాలుగు పూరీలు వేసి, కూర ఎక్కువ పెట్టి ఇచ్చాను. అతను రెండు తీసి వెనక్కి పెట్టేశాడు.

"రెండు సాలు పిన్నీ."

తిన్నాడు. ఏం చేస్తున్నావిప్పుడు అని అడగాలని నోటిదాకా వచ్చింది. వాళ్ళని అంతలేసి మాటలన్నదాన్ని, ఇతని ముందు గరిట తిప్పుతూ నిలబడ్డాను.

చెయ్యి కడుక్కున్నాక అతనే అన్నాడు. "మీవోడు మూలలో కుడి మోకాలు మీద బరువేసి కూకుంతన్నాడు పిన్నీ. నిన్న ప్రాక్టీసులో సూసినాను. అలగైతే లెగనేడు. ఎడం కాలు మీద ఆన్చమను. తొందరపడి దూకొద్దను. కూతకొచ్చినోడు పాయింటు కోసం బోనస్ గీత మీదకి కాలు సాపుతాడు కదా, అప్పటిదాకా ఆగమను. సాపినాక మడమ పట్టుకుంటే సాలు."

"నువ్వే సెప్పొచ్చు కదా బాబూ ఆడికి," అన్నాను.

"నాను సెప్తే ఇనడు పిన్నీ. నా మొకం సూడ్డానికి ఆడికి ఇబ్బందిగుంది. నువ్వు సెప్పు."

ఏడాదిగా నా బండి దగ్గర నేను విన్నదాంట్లో ఆటకి పనికొచ్చే మాట ఇదొక్కటే.

మధ్యాహ్నం నేను బండి దగ్గర గిన్నెలు కడుగుతుంటే నా కొడుకు వచ్చాడు. ఎడం కాలు మీద ఆన్చమన్నాడ్రా, కాలు సాపేదాకా ఆగమన్నాడు, అని అతను చెప్పింది చెప్పినట్టే చెప్పాను. ఎవరన్నారని వాడు అడగలేదు. బండి వెనక ఖాళీ జాగాలోకి పోయి, ఎడం కాలు మీద బరువు వేసి కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు.