ఎర్రచీమకు ఎర్రదారం: మావయ్యతో నాగావళి ఒడ్డున ఒక రోజు

పక్షవాతం వచ్చి తగ్గాక మా మావయ్య దేవసహాయానికి కుడి చెయ్యి లేచేది కానీ వేళ్ళు మాట వినేవి కావు. జూట్ మిల్లులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి, చొక్కా గుండీ తనంతట తాను పెట్టుకోలేకపోయేవాడు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రోజూ శనగలు ఒక్కొక్కటే ఏరించమంది. కొన్నాళ్ళకే మావయ్యకు విసుగొచ్చి "నానేటి, పావురాన్నా?" అంటూ పళ్ళెం తోసేశాడు. అప్పట్లో నేను ఫోనులో ఫ్లై ఫిషింగ్ వీడియోలు తెగ చూస్తుండేదాన్ని. ఇందులో వానపాము, పిండిముద్ద ఉండవు. గేలపు ముల్లుకు దారం, ఈకలు చుట్టి, నీటి మీద పడ్డ పురుగులా కనిపించేట్టు చేసి చేపను నమ్మించాలి. అలా చుట్టిన ఎరనే ఫ్లై అంటారు. చిన్నప్పటి నుంచీ గేలం వేసిన మావయ్యకు ఒక వీడియో చూపిస్తే ముందు నవ్వాడు. తర్వాత మళ్ళీ పెట్టమన్నాడు. "సేపకి అంత తెలివుంటాదేటి అమ్మీ? ఇది ఫలానా పురుగు అని పోల్సుకుంటాదా?" అని అడిగాడు. నాకూ తెలియదు. అది తెలుసుకుందామనే ఈ ప్రయాణం పెట్టుకున్నాం.

ముల్లు కదలకుండా పట్టి ఉంచడానికి పాత బెంచి వైసును కిటికీ పక్కన బిగించుకుని మావయ్య వేసవంతా చుడుతూనే ఉన్నాడు. పక్కింటి పుంజు మెడ ఈకలు, నా కుట్టు డబ్బాలోని దారాలు, సన్నటి ప్లాస్టిక్ కవరు ముక్కలు మా సామాను. తొలకరి పడ్డాక దీపం చుట్టూ ముసిరే ఉసుళ్ళను నమూనాగా తీసుకున్నాం. అవి రేగిన రోజున చేపలు పిచ్చెక్కినట్టు తింటాయని మావయ్యే చెప్పాడు. నేను చుట్టినవి చక్కగా, నాలుగు రెక్కలతో, నిజం ఉసుళ్ళలాగే ఉండేవి. ఆయనవి ఒక పక్కకు ఒరిగిపోయేవి. బయల్దేరే ముందు సాయంత్రం మావయ్య ఉన్నట్టుండి "రేపు ఒక్కటైనా పడిందా, సరే. నేదంటే ఈ సామానంతా అటకెక్కించీ. పిల్లలాటలాడే వయసు కాదు నాది" అన్నాడు. మావయ్య భార్య జయమ్మత్త నా ముఖం చూసింది. ఆ వేళ్ళు ఇష్టంగా చేస్తున్న పని ఇదొక్కటేనని మా ఇద్దరికీ తెలుసు.

విజయనగరంలో పలాస వైపు వెళ్ళే పొద్దుటి పాసింజరు ఎక్కాం. టికెట్టుకయ్యేది రెండు టీల ఖర్చు. గంటన్నర ప్రయాణం. పొందూరు దాటాక రైలు నాగావళి వంతెన ఎక్కుతుంది, అక్కడ కిటికీ పక్కన ఉంటే నీటి మట్టం చూసుకోవచ్చు. దిగాల్సింది ఆమదాలవలసలో, కానీ స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. కొత్తవాళ్ళు తడబడేది అక్కడే. స్టేషను బయట వేడివేడి ఇడ్లీ తిని, రానూ పోనూ మూడు వందలకు ఒక ఆటో మాట్లాడుకున్నాం. ఆటో నడిపే అప్పలరాజు నా భుజానికున్న పొడవాటి సంచీని ఎగాదిగా చూసి "ఏటండీ, సేపల కోసం విజీనారం నుంచొచ్చేరా? బజార్లో బోల్డున్నాయి కదా" అన్నాడు. దింపేటప్పుడు మాత్రం నవ్వలేదు. "ఎగువన వానలు పడితే నీరు సెప్పకుండా వచ్చేస్తాది. రంగు మారితే ఒడ్డెక్కీండి" అన్నాడు. నీళ్ళలో దిగబోమని అప్పటికే జయమ్మత్తకు మాటిచ్చి ఉన్నాం.

ఆటో దిగి పొలం గట్టు మీద కాసేపు నడిస్తే ఏరు. ఇసుక మేటలను చుట్టుకుంటూ పారే నీరు ఒడ్డు కింద ఒకచోట లోతుగా, నెమ్మదిగా సాగుతోంది. దాని మీదికి ఒక నేరేడు చెట్టు వాలి ఉంది. అక్కడ లుంగీ ఎగగట్టి వానపాము ఎరతో గేలం వేస్తున్న ఒకాయన కనిపించాడు. పేరు సింహాచలం, పక్క ఊరి రైతు. ఊడ్పులకు ఇంకా టైముందట. నా గేలంకర్రకు రీలుండదు, కొసకు తాడు కట్టుకోవడమే. మన వెదురు గేలంకర్రకు పట్నం చుట్టంలా ఉంటుంది. తేలిక కాబట్టి మావయ్య ఎడమ చేత్తో ఆడించగలడు. నేను చుట్టిన ఉసుళ్ళలో అందమైనదాన్ని కట్టి ఇచ్చాను. అది నీటి మీద వాలింది, తేలుతూ పోయింది. కింద నుంచి ఒక పరిగె చేప పైకొచ్చి, దాని పక్కనే ఆగి, ముక్కుతో తాకబోయి వెనక్కి తిరిగిపోయింది. మళ్ళీ వేశాం. మళ్ళీ అంతే. మావయ్య చుట్టిన ఒరిగిన ఉసుళ్ళను అయితే కన్నెత్తి కూడా చూడలేదు. ఈలోపు సింహాచలం రెండు పరిగెలు తీశాడు. మావయ్య కర్ర నా చేతికిచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఇంటికెళ్ళాక అటకెక్కబోయే సామాను నా కళ్ళముందు కదిలింది.

నాకు అంతుచిక్కనిది ఒకటే. చేపలు నీటి పైకి వస్తున్నాయి, ఏదో తింటున్నాయి, మరి మన ఎరను ఎందుకు కాదంటున్నాయి? అదే మాట పైకే అన్నాను. సింహాచలం తన చేపను శుభ్రం చేస్తూ "అడగాలంటే దాన్నే అడగాలి" అని నవ్వాడు. ఆ మాటకు మావయ్య తలెత్తాడు. "బావూ, ఆ పొట్ట పారీకు. ఇలగియ్యి" అన్నాడు. సింహాచలానికి కూడా సరదా పుట్టి పక్కకొచ్చి కూర్చున్నాడు. టిఫిను డబ్బా మూతలో నీళ్ళు పోసి, చేప పొట్టలో ఉన్నదాన్ని అందులో వేశాం. మొదట బురదముద్దలా ఉంది. పుల్లతో కదిపేసరికి విడిపోయి చిన్నచిన్న ముక్కలు తేలాయి. ఫోను కెమెరాలో పెద్దది చేసి చూస్తే కాళ్ళు, తలలు, రాగి రంగు నడుములు. ఉసుళ్ళ రెక్క ఒక్కటీ లేదు.

"ఎర్రసీమలు" అన్నాడు మావయ్య. ముగ్గురం ఒకేసారి పైకి చూశాం. నేరేడు కొమ్మలకు, ఆకులు కలిపి కుట్టినట్టున్న చీమల గూళ్ళు నాలుగైదు వేలాడుతున్నాయి. గాలి విసిరింది. మరుక్షణం కొమ్మ కింద నీటిలో చిన్నచిన్న సుడులు లేచాయి. ఉసుళ్ళు రేగి అప్పటికి రెండు రోజులైపోయింది. ఈ పూట గాలి రాల్చే తిండి వేరు, మేము పట్టుకొచ్చిన తిండి వేరు.

"సీమే కావాలంటే సెట్టు నిండా ఉన్నాయి కదా, దాన్నే గుచ్చీండి" అన్నాడు సింహాచలం. గుచ్చబోయి వేలు కరిపించుకున్నాడు. చేతికొచ్చిన చీమ ముల్లు తగలగానే రెండు ముక్కలైంది. "సరే, మీ సీమనే సుట్టుకోండి" అంటూ వేలు నోట్లో పెట్టుకున్నాడు.

సంచీలో ఖాళీ ముళ్ళు, ఎర్ర పట్టుదారం, కొవ్వొత్తి ముక్క, ఈకలు, ఒక కటింగ్ ప్లేయరు ఉన్నాయి. వైసు లేదు. ముల్లును కటింగ్ ప్లేయరుతో నేను పట్టుకున్నాను, మావయ్య దారం అందుకున్నాడు. చీమంటే వెనక ఒక ఉబ్బు, ముందు ఒక ఉబ్బు, మధ్యలో సన్నటి నడుము. నడుము చుట్టూ ఈక ఒక్క చుట్టు తిప్పితే కాళ్ళు. చెప్పుకోవడానికి అంతే. మొదటిసారి దారం జారిపోయింది. రెండోసారి ముడి వేయబోతే మొత్తం విడిపోయింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నేను చేస్తే చిటికెలో అయిపోయే పని. "నాకియ్యి మావయ్యా" అన్నాను.

"పట్టుకోడమే నీ పని. కదపకు" అన్నాడు, కళ్ళు ముల్లు మీదనుంచి తియ్యకుండా. సింహాచలం తన గేలం సంగతి మర్చిపోయి చూస్తున్నాడు. చూపుడు వేలు, బొటనవేలు దారాన్ని నెమ్మదిగా తిప్పాయి, ఆగాయి, మళ్ళీ తిప్పాయి. ఈసారి ముడి బిగిసింది. మైనం రాసి అరచేతిలో పెట్టి చూపించాడు. వెనక ఉబ్బు కాస్త పెద్దదైంది. "గర్భిణీ సీమ" అన్నాడు, పొద్దుట్నుంచి మొదటిసారి నవ్వుతూ.

కొమ్మ కిందికి వేశాడు. చీమ సగం మునిగి సగం తేలుతూ సాగింది. మొదటి పరిగె వచ్చినట్టే వచ్చి అందుకుంది, కానీ మావయ్య కర్ర లాగడం ఆలస్యమై వదిలేసింది. "అయ్యో" అన్నాం నేనూ సింహాచలమూ. మావయ్య మళ్ళీ వేశాడు. ఈసారి నీరు చప్పుడైంది, కర్ర విల్లులా వంగింది. మావయ్య ఒక అడుగు ముందుకు జరిగితే నేను వెనక నుంచి చొక్కా పట్టుకున్నాను. "వదలకు, వదలకు, సిన్నగా రానీ" అని సింహాచలం అరుస్తున్నాడు. చివరికి జానెడు పొడవున్న పరిగె, తోక ఎర్రగా మెరుస్తూ, గడ్డి మీదికి వచ్చింది. దాని పెదవిలోంచి ముల్లును కుడి చేత్తోనే తీశాడు మావయ్య. నిదానంగా, ఎవరినీ రానివ్వకుండా తీశాడు. తర్వాత ఆ చేపను రెండు చేతుల్లో పట్టుకుని అలా ఉండిపోయాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నేను కావాలనే ఏటి వైపు చూశాను.

జయమ్మత్తకు ఫోను చేసి ఇచ్చాను. "జయా, పడ్డాదే!" అని అరిచాడు. అవతల అత్త గొంతు మాకందరికీ వినబడింది. "ఓలమ్మో! ఎక్కడ పడ్డావు? నీట్లోనేటి?" సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపే పట్టింది. సింహాచలం నవ్వి నవ్వి గట్టు మీద చతికిలబడ్డాడు. వెళ్ళేముందు ఆ చీమను ఇమ్మని అడిగాడు, మావయ్య వెంటనే ఇంకొకటి చుట్టి ఇచ్చాడు. అది మొదటిదానికంటే తొందరగా అయింది. మధ్యాహ్నం దాటాక నీటికి కొంచెం మట్టి రంగు వచ్చింది. ఇద్దరం సామాను సర్దుకుని గట్టెక్కేశాం.

తిరుగు రైల్లో మావయ్య కాసేపు కునికి, లేచి, చేపకు తెలివుంటుందా లేదా అన్న సంగతి మళ్ళీ తీశాడు. మాకు తేలిందేమిటంటే, అది పురుగుల పేర్లు తెలుసుకుని తినదు. ఆ పూట, ఆ చోట, మీద నుంచి పడుతున్నదేమిటో దానికి బాగా తెలుసు. నేను వారాల తరబడి రెక్కలు అతికించింది నా కంటికి నచ్చడానికి. మావయ్య చీమ నా కంటికి గొప్పగా ఏమీ లేదు, అయినా తినాల్సిన ప్రాణి కంటికి ఆనింది. ఇంత చిన్న విషయం తెలియడానికి ఒక చేప పొట్ట, కుట్టించుకున్న ఒక వేలు, ముగ్గురి ఓపిక అవసరమయ్యాయి. దీని తర్వాత మళ్ళీ ఏ ఒడ్డుకు వెళ్ళినా ముందు పైకి చూడాలనిపిస్తోంది, అక్కడ ఏ చెట్టుంది, దాని మీద ఏం పాకుతోంది అని.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. ఫ్లైలన్నీ ఇంట్లోనే చుట్టేసుకుని బయల్దేరకండి. నాలుగు ఖాళీ ముళ్ళు, ఎరుపూ నలుపూ దారాలు, రెండు ఈకలు, ఒక ప్లేయరు సంచీలో వేసుకోండి. ఒడ్డుకు చేరాక ఒక అరగంట కర్ర విప్పకుండా కూర్చుని నీళ్ళలో ఏం రాలుతోందో చూసి, అప్పుడు చుట్టండి.