శనివారం స్కూటరు

పోయిన వారం మా చెల్లెలి కొడుకు నన్ను తన కొత్త కారులో బోధన్‌లో ఒక పెళ్ళికి తీసుకుపోయి తిరిగి తీసుకొస్తున్నాడు. నిజామాబాదు ఊళ్ళోకి వచ్చి మొదటి సిగ్నలు దగ్గర ఆగామో లేదో, ఇంజను చప్పుడు ఉన్నట్టుండి నిలిచిపోయింది. కొత్త బండికి అప్పుడే ఏం రోగమొచ్చిందోనని నేను కంగారుపడుతుంటే వాడు నవ్వి, "ఖరాబు కాలే పెద్దమ్మా, సిగ్నల్ కాడ దానంతటదే బంద్ అయితది, పెట్రోల్ మిగులుతది" అన్నాడు. పచ్చదీపం పడగానే బండి మళ్ళీ తనే మేలుకుంది. వాడికి అది కారు అమ్మినవాళ్ళు చెప్పిన సుగుణాల్లో ఒకటి, అంతే. నేను మాత్రం ఇల్లు చేరేదాకా ప్రతి సిగ్నలు దగ్గరా ఆ చప్పుడు ఆగడం కోసమే చెవి పెట్టుకొని కూర్చున్నాను. ఎందుకంటే ఆ పని కార్లు నేర్చుకోక ముందే మావారు చేసేవారు.

మా పెళ్ళి ఎనభైల మొదట్లో అయింది. నేను నిజామాబాదులో సర్కారు బడి టీచరును, ఆయన బోధన్‌లో నీటిపారుదల శాఖలో చిన్న ఉద్యోగి, పాతిక కిలోమీటర్లు రోజూ ఇంటి నుంచే పోయివచ్చేవారు. నిజాంసాగర్ నుంచి వచ్చే నీళ్ళు ఏ తూముకు ఎంత పోతున్నాయో కాలువ గట్ల వెంట తిరిగి చూసుకోవడం ఆయన పని, కాబట్టి బస్సు పట్టుకునే వేళకు ఆయన ఏనాడూ బోధన్‌లో ఉండేవారు కాదు, స్కూటరు తప్పనిసరి. ఆ స్కూటరును ఆయన నడిపిన తీరు మా వయసువాళ్ళకు చెబితేనే అర్థమవుతుంది. రైల్వే గేటు పడితే ఇంజను ఆపేసేవారు, ఏ కాస్త పల్లం కనిపించినా న్యూట్రల్‌లో వేసి బండిని దాని ఇష్టానికి జారనిచ్చేవారు, చక్రంలో గాలి తగ్గితే పెట్రోలు ఎక్కువ కాలుతుందని ఇంట్లో ఒక సైకిలు పంపు పెట్టుకొని తనే కొట్టుకునేవారు. "నలభై దాటిందంటే బండి గటగట తాగుతది" అనేది ఆయన నమ్మకం. చెరకు ఆడే రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబండ్లు దారి పొడుగునా ఉండేవి, వాటిని దాటి పోవడానికి మిగతావాళ్ళు హారన్లు కొడుతూ తొక్కిసలాడుతుంటే ఆయన మాత్రం బెల్లపు వాసన పీల్చుకుంటూ వాటి వెనకే తాపీగా వచ్చేవారు. మా చెల్లెలు ఒకసారి ఆయన వెనక కూర్చొని వచ్చి, సైకిళ్ళ మీద పోయేవాళ్ళు తనను పలకరించి మరీ ముందుకు పోయారని చర్చిలో అందరికీ చెప్పి నవ్వించింది. ఆయనా నవ్వారు గాని వేగం మాత్రం పెంచలేదు.

ఇక పన్ను సంగతి. ఆ కాలంలో జీతగాళ్ళయినవాళ్ళకు ఫిబ్రవరి నెల అంటే ఎంత దిగులో గుర్తుండే ఉంటుంది. ఇన్‌కంటాక్సు కోత పడి ఆ నెల జీతం చేతికి వచ్చేసరికి చిక్కి సగమయ్యేది. మా బడిలో లెక్కలు చెప్పే అక్క ఒకామె ఉండేది, మనిషి మంచిదే గాని పక్కవాళ్ళ జీతం తన జీతంలా చూసుకునేది. ఆమె ఒక రోజు మధ్యాహ్నం టిఫిను డబ్బా మూతపెడుతూ, "కిరాయి ఇండ్ల ఎంతకాలముంటవే, లోను తీసుకొని ఇల్లు కట్టు, వడ్డీ చూపిస్తే పన్ను తగ్గుతది, ఇల్లుకు ఇల్లాయె" అంది. ఆ మాట నా కంటే మావారికి బాగా నచ్చింది. సర్కారుకు పోయే డబ్బు గోడలుగా మారుతుందంటే కాదనేవాళ్ళు ఎవరు? పన్ను ఎక్కువ పడేది నాకు కాబట్టి లోను నా పేరనే తీసుకొని, ఊరి చివర, బోధన్ రోడ్డుకు పూర్తిగా అవతలి దిక్కున, చవకగా వచ్చిందని ఒక జాగా కొన్నాం.

ఇల్లు పూర్తయి అందులోకి పోతేనే ఆ ఏటి వడ్డీకి మినహాయింపు పడుతుందని అక్క చెప్పడంతో మార్చి నెలాఖరులోగా చేరిపోవాలని మాకు పట్టుదల వచ్చింది. వడ్రంగి చేతులెత్తేశాడు, లోపలి గోడలకు సున్నం పడలేదు, వంటింటికీ పడకగదికీ తలుపులు లేవు. అయినా పాస్టరు అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించుకొని, తలుపులు ఉండాల్సిన చోట నా పాత చీరలు కట్టి, పాలు పొంగించాం. ప్రార్థన నడుమ గాలికి చీర ఎగిరి అయ్యగారి తల మీద పడితే ఆయన కళ్ళు తెరవకుండానే దాన్ని పక్కకు తొలగించి ఆమెన్ దాకా వచ్చారు. ఆ రాత్రి సిమెంటు వాసన నిండిన గదిలో చాప వేసుకొని పడుకొని మేము చాలాసేపు నవ్వుకున్నాం. ఆ ఇంట్లో అంత నవ్వు మళ్ళీ నేను ఎరగను.

లోను కంతులు మొదలయ్యాక చేతిలో ఏమీ నిలవడం మానేసింది. పెట్రోలు ధర చూస్తే పెరగడమే గాని తగ్గడం లేదు, కొత్త ఇంటి నుంచి బోధన్‌కు దూరమూ పెరిగింది. అప్పుడు ఆయనే ఒక ఉపాయం చెప్పారు. బోధన్‌లో తోటి ఉద్యోగి ఉంటున్న గదిలో తనూ చేరి, సోమవారం పొద్దున పోయి శనివారం సాయంత్రం వస్తానన్నారు. "రెండేండ్లు ఓపిక పట్టు, లోను జర తేలికయినంక రోజు వస్త" అన్నారు. నేను సరేనన్నాను. ఇద్దరం కలిసి తీసుకున్న నిర్ణయమే అది, ఒకరి మీద నెపం పెట్టడానికి లేదు. పిల్లలు కలగలేదు కాబట్టి అడ్డు చెప్పేవాళ్ళూ ఇంట్లో లేరు.

రెండేళ్ళు గడిచాయి, జీతాలూ పెరిగాయి, ఆయన రోజూ వచ్చిపోయినా మాకు జరిగేదే. కానీ ఈలోగా ఇంకో లాభం బయటపడింది. ఆయన బోధన్‌లో కట్టే గది కిరాయికి రశీదు చూపిస్తే ఇంటి అద్దె అలవెన్సు మీద ఆయనకూ పన్ను తగ్గుతుంది, ఇక్కడ వడ్డీ చూపిస్తే నాకూ తగ్గుతుంది. మా లెక్కల అక్క అయితే, "మీ అసువంటి ఆలుమొగలు ఉండాలె, ఒకలు గా దిక్కు, ఒకలు గీ దిక్కు, రెండు దిక్కుల మిగులుతున్నది" అని కొత్తగా వచ్చిన టీచర్లకు మమ్మల్ని ఉదాహరణగా చూపించేది. ఆ పొగడ్త నాకు నిజంగానే గర్వంగా ఉండేది. విడిగా ఉంటే లాభం, కలిసి ఉంటే నష్టం అయినప్పుడు, చదువుకున్నవాళ్ళం, తెలిసి తెలిసి నష్టాన్ని ఎలా కోరుకుంటాం?

బడి నుంచి వచ్చాక ఆ ఇంటి సాయంత్రాలు ఎంత పొడుగ్గా ఉండేవో చెప్పలేను. ఊరి చివర కదా, అప్పట్లో చుట్టూ ఖాళీ జాగాలే, పొద్దుగూకితే పలకరించే మనిషి ఉండేది కాదు. ఒక్కదానికోసం వండబుద్ధి కాక పొద్దుటి అన్నంలో ఇంత పచ్చడి కలుపుకొని తినేదాన్ని. బడిలో జరిగిన తమాషాలు ఆయనకు చెప్పాలని మనసులో దాచుకునేదాన్ని, తీరా శనివారం వచ్చేసరికి అవి చప్పబడిపోయి, చెప్పినా నవ్వు వచ్చేది కాదు. ఆయన వచ్చాక కూడా సగం పొద్దు బజారు పనులకు, సగం చర్చికి పోయేది. ఆదివారం సాయంత్రం ఆయన పంపు తీసి చక్రాలకు గాలి కొడుతుంటే, ఈ ఒక్క సోమవారం పోవద్దని అనాలనిపించేది. ఆ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

ఒక్కసారి మాత్రం ఉండబట్టలేక బుధవారం బడికి సెలవు పెట్టి, ఆయనకిష్టమని జొన్నరొట్టె, పుంటికూర కట్టుకొని బస్సెక్కి బోధన్ పోయాను. ఆఫీసు మెట్ల మీద నన్ను చూడగానే ఆయన మొహం తెల్లబోయింది. "ఎవరికేమైంది?" అని అడిగారు. ఎవరికీ ఏమీ కాలేదని, ఊరికే వచ్చానని చెబితే నమ్మడానికి కాస్త సమయం పట్టింది. మధ్యాహ్నం నన్ను వెనక కూర్చోబెట్టుకొని కాలువ గట్టుకు తీసుకుపోయారు. తూము పక్కన కూర్చొని రొట్టెలు తిన్నాం, చెరకు తోటలో నీళ్ళు కడుతున్న రైతు ఒకాయన రెండు గడలు విరిచి తెచ్చి ఇచ్చి, "మా సారుకు ఇల్లున్నదని ఇయ్యాల్నే ఎరుకైంది" అని పోయాడు. సాయంత్రం నన్ను బస్సెక్కించకుండా ఇంటిదాకా స్కూటరు మీదే తీసుకొచ్చారు. ఆ రోజు బండి నలభై కూడా ముట్టలేదు. కొంచెం తొందరగా పోనివ్వమని, చీకటి పడుతుందని నేనంటే, "పడనియ్" అన్నారు. అది పెట్రోలు కోసం కాదని నాకు తెలుసు. మరునాడు తెల్లారకముందే వెళ్ళిపోయారు, ఇద్దరం మళ్ళీ మా పద్ధతిలో పడిపోయాం.

లోను తీరేసరికి ఆయన రిటైరుమెంటు కూడా దగ్గరపడింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, రిటైరైన నాడు, ఆయన తన పరుపుచుట్టా ట్రంకుపెట్టే తెచ్చుకొని ఇక ఎక్కడికీ పోనని ఇంట్లో దిగారు. నేను ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసిన రోజది. తీరా చూస్తే మాకు సోమవారం నుంచి శుక్రవారం దాకా కలిసి ఎలా ఉండాలో తెలియలేదు. ఆయనకు గదిలో అలవాటైనట్టు ఏడింటికే భోజనం కావాలి, నాకు ఆ వేళకు ఆకలి ఉండదు. తన కంచం తనే కడిగి బోర్లించేవారు, నా వంటింట్లో అతిథిలా అడిగి చెంచా తీసుకునేవారు. నేను గదిలోకి పోతే లేచి జరిగి కూర్చునేవారు. పోట్లాడుకున్నా బాగుండేదేమో, మేము ఒకరికొకరు మర్యాద చేసుకున్నాం. ఆ మర్యాద కరిగి మళ్ళీ మొగుడూ పెళ్ళాం కావడానికి చాలా కాలం పట్టింది, అయ్యాక ఆయన ఎక్కువకాలం ఉండలేదు. గుండె జబ్బు రానూ వచ్చింది, తీసుకుపోనూ పోయింది.

మా చెల్లెలి కొడుక్కీ ఇప్పుడు బోధన్‌లోనే ఉద్యోగం. పొద్దున పోయి సాయంత్రం వచ్చేస్తాడు, అదీ ఏసీ వేసుకొని, మావారు చూస్తే కళ్ళు తిరిగేంత వేగంతో. వాడికీ ఇంటి లోను ఉంది గాని కొత్త పన్ను పద్ధతిలో ఆ వడ్డీకి మినహాయింపే లేదట, వాడు దాన్ని గురించి విచారించడమూ లేదు. నన్ను ఇంటి దగ్గర దింపినప్పుడు, రోజూ అంత దూరం తిరిగితే పెట్రోలు దండుగ కాదా అని అడగబోయి నోరు మూసుకున్నాను. ఇంట్లో భార్య ఎదురుచూస్తోందని వాడు నీళ్ళు కూడా తాగకుండా పోయాడు. వాణ్ణి చూస్తే సంతోషమే, కానీ అబద్ధమెందుకు, ఆ పిల్ల మీద నాకు కొంచెం అసూయ కూడా కలిగింది. ఇప్పుడు మా ఇంటి చుట్టూ అంతా ఇళ్ళే, ఈ జాగా ధర విని అందరూ మా ముందుచూపును మెచ్చుకుంటారు. నిజమే, ఇల్లు మిగిలింది, అప్పు లేదు, పింఛను వస్తోంది. ఎవరూ మమ్మల్ని విడదీయలేదు, కరువూ తరమలేదు. పెట్రోలు ఎంత కాలితే అంత కాలేది. ఆయన రోజూ ఇంటికి రావలసింది.