మూడో బిందె నీళ్లు

పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ మెట్లు కడుగుతుంది వాచ్‌మన్ భార్య యాదమ్మ. ఫినాయిల్ వాసన తలుపు సందులోంచి హాల్లోకి వచ్చేస్తుంది. "ఆగుండ్రి మేడమ్, ఇంకో బకెట్ పోస్త. జారి పడ్తరు," అంటుంది. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడతాను. నీళ్లు మెట్టు మెట్టూ దిగుతుంటే కృపావరం సార్ గుర్తొస్తారు. ఆయన పోయి రెండేళ్లవుతోంది. దుఃఖం కాస్త సర్దుకుంది గానీ కోపం తగ్గలేదు. ఆ కోపం ఎవరి మీదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సార్ అంటే ప్రొఫెసర్ అనుకునేరు. మా యూనివర్సిటీ లైబ్రరీలో అసిస్టెంట్. తెనాలి వైపు పల్లెటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆదివారం తార్నాక చర్చిలో పాటలు పాడేవారు. శనివారం మధ్యాహ్నం మమ్మల్ని ఐదారుగురిని వెంటేసుకుని మ్యాట్నీకి వెళ్లేవారు. సినిమా అయ్యాక తార్నాక నుంచి క్యాంపస్ గేటు దాకా నడక. దారిలో ఎవరూ నోరెత్తకూడదు. గేటు దగ్గర చాయ్ బండి చేరాక ఒక్కొక్కరూ తాము తెరమీద చూసింది ఒకటి చెప్పాలి. "బాగుంది" అన్నా, "బాగోలేదు" అన్నా అందరి గ్లాసులూ వాళ్లే కడగాలి. మొదటి వారమే నేను "చాలా బాగుంది సార్" అని నవ్వులపాలయ్యాను. బండి పక్కన గొంతుక్కూర్చుని ఆరు గ్లాసులు కడిగాను. "ఆ మాట కళ్లు మూసుకునైనా అనొచ్చు శోభా. నువ్వేం చూశావో చెప్పమ్మా," అన్నారు సార్. నల్గొండ జిల్లా నుంచి వచ్చి అడిక్‌మెట్ రూములో ఉంటూ, నలుగురిలో మాట్లాడాలంటే బెదిరిపోయే నాకు, నేను చూసిందానికి కూడా విలువుందని చెప్పిన మొదటి మనిషి ఆయన.

మాలో అందరికంటే చురుకైనవాడు రమేశ్, అంబర్‌పేట్ వాడు. డైరెక్టర్ అవుతానని అప్పటికే చాటింపు వేసుకున్నాడు. ఒక శనివారం హత్యల సినిమా ఒకటి చూసి వచ్చాం. సార్ వంతు వచ్చేసరికి, "తొమ్మిది మంది చచ్చారు. నేల ఎవరు కడిగారో ఒక్కచోటా కనపళ్లేదు," అన్నారు. గ్లాసు కింద పెట్టి ఆయనే చెప్పారు. చిన్నప్పుడు పొలం తగాదాలో వాళ్ల నాన్నను ఇంటి అరుగు మీదే నరికేశారట. తెల్లారి పిల్లలు లేచేసరికి నెత్తురు కనపడకూడదని అమ్మ బావి నుంచి నీళ్లు మోసుకొచ్చి అరుగంతా కడిగింది. "రెండు బిందెలకీ ఎర్రగానే పోయాయి. మూడో బిందెకి నీళ్లు తేటగా వచ్చాయి. అప్పుడు కూర్చుని ఏడ్చింది. నేను తలుపు సందులోంచి చూస్తానే ఉన్నాను." పోలీసులు వచ్చి, అంత తొందరగా ఎందుకు కడిగావు, ఏం దాచావని ఆమెను రెండ్రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టారట. ఆ అనుమానం ఊళ్లో ఆమె చచ్చిపోయేదాకా పోలేదు.

చాయ్ చల్లారిపోయింది. రమేశే ముందు తేరుకున్నాడు. "సార్, ఆ సీన్ నాకియ్యుండ్రి. ఎప్పుడన్న సినిమా తీస్తే పెడ్త. మీ అమ్మ మీద ఒట్టు సార్, మంచిగ తీస్త."

మాట నిలబెట్టుకున్నాడు. ఏడెనిమిదేళ్లకు వచ్చిన అతని మొదటి సినిమాలో హత్య జరిగిన ఇంటి ముందు ఒక ముసలామె మూడు బిందెలు పోస్తుంది. సంగీతం లేదు, మాట లేదు. హాల్లో ఒక్కరూ దగ్గలేదు. ఆ రోజు నడక అయ్యాక సార్ వంతు వచ్చింది. "మా అమ్మను చూశాను," అన్నారు. తల్లి నిర్దోషి అని ఊరు నమ్మకపోయినా ఇంతమంది నమ్మారు గదా అని తర్వాత ఎన్నోసార్లు నాతో అన్నారు.

ఆ సినిమా రెండో భాగం వచ్చేనాటికి సార్ రిటైరై రామంతాపూర్‌లో ఉంటున్నారు. నేను ఒక పత్రికలో సినిమా సమీక్షలు రాస్తున్నాను. విడుదలకు ముందే ప్రివ్యూ చూసినవాళ్లంతా ఆకాశానికెత్తేశారు. రమేశ్ కారేసుకుని వచ్చి మా ఇద్దరినీ తార్నాకలో మ్యాట్నీకి తీసుకెళ్లాడు, ఎవరూ గుర్తుపట్టకుండా మొహానికి మాస్కు కట్టుకుని. ఇంటర్వెల్ దాకా ఒకటే కాల్పులు, ఎవరు చచ్చారో లెక్కే తెలియలేదు. ఆ తర్వాత వచ్చింది అందరూ మెచ్చుకున్న మలుపు. మొదటి భాగంలో నేల కడిగిన ముసలామే అసలు ముఠాకు నాయకురాలు. మొగుణ్ని చంపించింది ఆమే. సాక్ష్యం లేకుండా చేయడానికే మూడు బిందెలు పోసింది. అవే నీళ్లు, ఈసారి స్లో మోషన్లో, డప్పుల మోతతో. చివరి బిందె బోర్లించి కెమెరా వైపు చూసి నవ్వింది. హాలంతా ఈలలు. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కకు చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

పాత అలవాటు ప్రకారం గేటు దాకా నడిచాం. రమేశ్ ఆగలేకపోయాడు. "సార్, ట్విస్ట్ ఎట్లున్నది?" అన్నాడు సగం దారిలోనే. సార్ చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నారు. చాయ్ తాగడం అయ్యాక వాడే మళ్లీ అడిగాడు. సార్ వాడి మొహంలోకి చూశారు. పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా ఉంది ఆ మొహం.

"బాగుందిరా," అన్నారు.

రమేశ్ ఆయన్ను కావలించుకున్నాడు. అంతలో ఫోన్ మోగితే "థాంక్యూ సార్, థాంక్యూ" అనుకుంటూ కారు తెప్పించుకుని వెళ్లిపోయాడు. సార్ మెల్లగా లేచి మూడు గ్లాసులూ పట్టుకుని నీళ్ల డ్రమ్ము దగ్గరికి నడిచారు. "అయ్యో, మీరెందుకు సార్, పెట్టుండ్రి గీడ," అన్నాడు బండివాడు. ఆయన వినలేదు. మోకాళ్లు పట్టేసిన మనిషి, కష్టంగా వంగి మూడూ కడిగి బోర్లించారు. రమేశ్‌కి అబద్ధం చెప్పాననీ, అందుకు జరిమానా కడుతున్నాననీ అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? వాడు చూడలేదు. నేను చూశాను.

సాయంత్రానికల్లా సమీక్ష ఇవ్వాలి. "మీ మాట రాసుకోవచ్చా సార్?" అని అడిగాను. అడిగేటప్పుడే సిగ్గేసింది. "నువ్వు చూసింది నువ్వు రాయమ్మా," అన్నారు.

నేను రాయలేదు. ఊరంతా మెచ్చిన సినిమాను ఒక్కదాన్నే కాదంటే ఎడిటర్ ఏమంటాడో, రమేశ్ ఏమనుకుంటాడో అని భయం. భయమని ఇప్పుడంటున్నాను, అప్పుడు మర్యాద అనుకున్నాను. మలుపు అద్భుతమని రాశాను. అది చాలదన్నట్టు, ఆ సన్నివేశానికి మూలమైన తన తల్లి కథ రమేశ్‌కిచ్చిన గురువే "బాగుంది" అన్నారని ఆయన పేరుతో సహా రాశాను. వారం తిరిగేసరికి ఆ వాక్యం పోస్టర్ల మీదికెక్కింది.

ఒక ఆదివారం చర్చి బయట కనిపించారు. చేతిలో పాటల పుస్తకం. నేనేదో అనబోయాను. "చదివానమ్మా," అన్నారు మెత్తగా. "తెనాలి నుంచి మా అక్క ఫోన్ చేసింది. అమ్మనట్లా హంతకురాలిని చేస్తే నీకు బాగుందారా అని అడిగింది." నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో. ఆ తర్వాత నాలుగు నెలలకే పోయారు. ఆ ఫోన్ తర్వాత ఆ అక్క మళ్లీ ఆయనతో మాట్లాడకుండానే తమ్ముణ్ని సాగనంపిందని సమాధుల దగ్గర ఎవరో అంటుంటే విన్నాను.

"అయిపోయింది మేడమ్, పోండ్రి," అంటుంది యాదమ్మ. నీళ్లు తేటగానే ఉంటాయి. దిగి ఆఫీసుకు వెళ్తాను. ఏ సినిమా చూసినా సార్ ప్రశ్న చెవిలో వినిపిస్తూనే ఉంటుంది, జవాబూ తెలుస్తూనే ఉంటుంది. అయినా "బాగుంది" అని వారానికి రెండుసార్లు రాస్తున్నాను. గ్లాసులు కడగమనేవాళ్లు ఎవరూ లేరు.