మా నాయన పారబోయని గిన్నె

మా ముత్తాత తనకల్లు దిక్కున మా ఊరికి మునసబు. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, ఆ ఊరి కాపుల ఇళ్లలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకుని, సొంత స్థలంలో రాతిగోడల గుడి కట్టించినవాడు. మా నాయన ఆ గుడికి అయ్యగారు. పోయిన నెల కదిరిలో ఒక కల్యాణ మండపం వాకిట్లో, మెడలో కార్డు వేలాడేసుకున్న అమ్మాయి పేర్లు రాసుకుంటూ, ఏ సంఘం తరఫున వచ్చారమ్మమ్మా అని అడిగితే, ఈ మూడు మాటలూ వరుసగా చెప్పాను. ఆ పిల్ల నా ముఖం కాసేపు చూసి, నా పేరు పక్కన "స్వతంత్రం" అని రాసుకుంది. ఏ సంఘానికీ చెందని మనిషినని ఆమె లెక్క. నేను దిద్దలేదు.

లోపల సంఘాభివృద్ధి మీద సదస్సు జరుగుతోంది. తెల్లటి తెర మీద బాణం గుర్తులు ఎడమ నుంచి కుడికి ఎక్కిపోతున్నాయి. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర బోధకుడు, మంచి గొంతు ఉన్నవాడు, మొన్నటి తరం అయ్యగార్లు భక్తిపరులే గానీ వాళ్ల దగ్గర ప్రణాళిక లేదనీ, ఉన్న మందను కాచుకున్నారే తప్ప పెంచే మార్గం వాళ్లకు తెలియదనీ చెప్పుకుంటూ పోయాడు. ముందు వరుసలో నా తెల్లజుట్టు కనబడి, ఎవరో నేను ఫలానా అయ్యగారి కూతురినని చెవిలో వేస్తే, మైకు తెచ్చి నా చేతిలో పెట్టి, మీ నాయనగారి కాలంలో సంఘం ఎలా పెరిగిందో రెండు ముక్కల్లో చెప్పండమ్మా అన్నాడు. అది రెండు ముక్కల్లో చెప్పేది కాదని మైకు తిరిగి ఇచ్చేసి కూర్చున్నాను. అలిగాననుకున్నారేమో, భోజనాల దగ్గర నాకు మరొక స్వీటు వడ్డించారు. చెప్పవలసింది అప్పుడు చెప్పలేదు గనక, ఆ కాలం ఎరిగిన నా వయసు వాళ్లైనా చదువుతారని ఇప్పుడు రాస్తున్నాను.

జేజినాయన కట్టించిన గుడిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో గోడ మీద రాసిపెట్టి లేదు గానీ, పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. ముందు భాగంలో మా ఇల్లూ, మాకు చుట్టాలైన నాలుగు కాపుల ఇళ్లూ, ఎవరి చాపలు వాళ్లు తెచ్చుకుని కూర్చునేవాళ్లం. వెనక, తలుపు దగ్గర, మా పొలాల్లో కూలి పనులు చేసే వాడ జనం ఉత్త బండల మీద కూర్చునేవాళ్లు. నెలకొక ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు పేరున అందరూ రొట్టె తిని ద్రాక్షరసం తాగే ఆరాధన. ఒకే గిన్నె. మొదట మా మగవాళ్లు, తరువాత మా ఆడవాళ్లు, ఆపైన వాడ మగవాళ్లు, అందరికీ చివర వాడ ఆడవాళ్లు. ఒకసారి వెనక్కు వెళ్లిన గిన్నె ముందుకు తిరిగి వచ్చేది కాదు. అందరమూ ఒకే గిన్నెలో తాగుతున్నామని మా వాళ్లు పక్క ఊళ్లలో గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఎవరి తరువాత ఎవరన్న మాట మాత్రం ఎత్తేవాళ్లు కాదు.

గిన్నెలో మిగిలిన ద్రాక్షరసాన్ని పారబోయకూడదనీ, అయ్యగారే చివరి చుక్కదాకా తాగేయాలనీ మా సంఘంలో నియమం. మా నాయనకు ముందు వచ్చిన అయ్యగార్లంతా వేరే ఊళ్ల వాడల్లో పుట్టినవాళ్లే గనక, ఆ నియమం ఎవరికీ అడ్డం రాలేదు. జేజినాయన కాలంలో ఎంతమంది ఉన్నారో, నేను అక్షరాలు దిద్దేనాటికీ గుడిలో అంతమందే ఉన్నారు. వాడలోని పడుచువాళ్లు గుడి మెట్లదాకా వచ్చి, వాళ్ల అవ్వలను దింపి, తిరిగిపోయేవాళ్లు.

నాయన రెండో కొడుకు. తాలూకా కచేరీలో గుమాస్తాగా కూర్చోబెడతామంటే కాదని దూరదేశం పోయి దైవశాస్త్రం చదువుకుని, అభిషేకం పొంది వచ్చాడు. మా గుడికే అయ్యగారుగా వేశారని తెలిసిన రోజు మా జేజి, నాయనకు అమ్మ, ఇంటింటికీ బెల్లం పంచింది. నాయన మెత్తని మనిషి కాదు. నిటారుగా నడిచేవాడు, పంచె మడత నలగనిచ్చేవాడు కాదు, ఆలస్యంగా వచ్చినవాడు ఎంత పెద్దవాడైనా కీర్తన అయ్యేదాకా వాకిట్లో నిలబడవలసిందే. నా వీపు వంగదని ఇప్పటికీ మా వీధిలో అంటారు, అది ఆయన ఇచ్చిందే. ఆయన్ని సాధువుగా చేసి ఫోటోకు దండ వేయాలని నాకు లేదు.

ఆయన మొదటి ప్రభువు బల్లకు ముందటి సాయంత్రం, నాయనకు అన్న అయిన మా పెద్దనాయన మా ఇంటికి వచ్చాడు. అమ్మా నేనూ అరుగు మీద చెనిక్కాయలు, అదే వేరుశెనగ, వలుస్తున్నాం. పెద్దనాయన చెడ్డవాడు కాదు. జేజినాయన పోయాక నాయన చదువుకు బియ్యం మూటలు మోసినవాడు. అందుకే చాలా నెమ్మదిగా, ఇంట్లో మనిషికి మందు తాగించినట్టుగా చెప్పాడు. అందరూ అయిపోయాక మిగిలింది తీసుకుపోయి గోడ అవతల మట్టిలో పోసేయమనీ, మట్టి కూడా దేవుడిదే గనక తప్పు లేదనీ, మనం కాపులమన్న సంగతి దేవుడికీ తెలుసుననీ. నాయన ఔననలేదు, కాదనలేదు. మా ఇంట్లో మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు. పెద్దనాయన మజ్జిగ తాగి సంతోషంగా వెళ్లిపోయాడు.

మరునాడు వరుసలో అందరికంటే చివర వచ్చింది వాడలోని ఒక ముసలవ్వ. పొగాకు నమిలే మనిషి, నవ్వితే పళ్లు ఎర్రమన్ను రంగులో ఉండేవి. ఆమె ఒక గుక్క తాగి చూసుకుంటే గిన్నె అంచున తన నోటి మరక కనబడింది. గిన్నె నాయనకు ఇవ్వకుండా గబగబా కొంగు చేతిలోకి తీసుకుంది.

"ఉండప్పా, తుడిచిస్తా. పొగాకు నోరు నాది."

"తుడవద్దవ్వా."

"మరక పడిండాది నాయనా."

"పడనీ. నీ తరువాత తాగేది నేనే."

గిన్నె అందుకుని, జనం వైపు తిరిగి, ఆ మరక ఉన్న వైపునే పెదవి పెట్టి, మెడ నరాలు కనబడేలా గిన్నె ఎత్తి, పూర్తిగా తాగాడు. తాగాక మూతి తుడుచుకోలేదు. గుడిలో అప్పుడు వినబడింది పెద్దనాయన చాప చుట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే. దాని వెంట మిగతా చుట్టాల ఇళ్ల చాపలూ లేచాయి. నేనూ లేవబోతే అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. చివరి ఆశీర్వాదం వేళకు ముందు భాగంలో మిగిలింది మా చాప ఒక్కటే.

ఇక నీళ్ల సంగతి. పెద్దనాయన పొలానికీ మా పొలానికీ ఒకటే బావి, చెరి సగం, వంతుల ప్రకారం పారించుకునేవాళ్లం. మోటారూ దాని తాళమూ పెద్దనాయన దగ్గర ఉండేవి. ఆ ఏడు వానలు పడాల్సినప్పుడు పడలేదు. చెనిక్కాయ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే సమయం. ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు, అప్పుడు ఒక్క తడి అందితే పంట చేతికి వస్తుంది, అందకపోతే పశువుల మేతకు పీకి వేయడమే. మా వంతు రోజు వచ్చింది, మోటారు గది తాళం తీయలేదు. రెండో వంతూ అంతే. అప్పుడు పెద్దనాయన తనే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రాలేదు, నీళ్లిస్తే పుచ్చుకోలేదు.

"ఏమప్పా, ఒక గుక్క కోసరం పంటంతా ఎండబెట్టుకుంటావా? వచ్చే నెల పారబోస్తానని ఒక్క మాటియ్యి. ఇప్పుడే పొయ్యి తాళం తీస్తా."

"పారబొయ్యనన్నా," అన్నాడు నాయన.

అమ్మ ఎన్నడూ బావగారి ఎదుట గొంతెత్తి ఎరగదు. ఆ రోజు తలుపు చాటు నుంచి బయటికి వచ్చి నిలబడింది.

"పారబోసేదానికి ఆయన అంత దూరం పొయ్యి చదువుకోని రావల్నా బావా? మీ జీతగాడు చాలు గదా దానికి."

పెద్దనాయనకు నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వును మీసాల్లోనే ఆపుకున్నాడు. నీళ్లు మాత్రం వదలలేదు.

పంట పోయింది. ఎండిన చెట్లు పీకడానికి వాడ వాళ్లంతా వచ్చి, పిలవకపోయినా వచ్చి, కూలి మాట ఎత్తకుండా పీకి కుప్పవేసి వెళ్లారు. ఆ తరువాతి ప్రభువు బల్లకు గుడి మెట్ల దగ్గర తిరిగిపోయే పడుచువాళ్లు లోపలికి వచ్చి కూర్చున్నారు. ఖాళీ అయిన ముందు భాగంలోకి జరగమని నాయన చెబితే మొదట ఎవరూ జరగలేదు. అమ్మ మా చాపను అడ్డంగా పరిచి, ఆ ముసలవ్వను చెయ్యి పట్టి తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. కొన్నాళ్లకు కొండ అవతల వాడల నుంచి కూడా జనం నడిచి రావడం మొదలైంది. వాళ్లు ప్రసంగం కోసం వచ్చారని నేను గొప్పలు చెప్పను. పెద్దింటాయన మన తరువాత తాగుతాడంటనే, నిజమా అబద్ధమా చూద్దామని వచ్చారు. ప్రసంగమంతా అటూ ఇటూ కదులుతూ కూర్చుని, గిన్నె చివరి మనిషి దగ్గరికి చేరేసరికి మెడలు సాచేవాళ్లు. బాప్తిస్మం తీసుకున్నాక ఒకాయన కావాలని అందరికంటే చివర నిలబడి, తాను తాగిన తరువాత, నాయన తాగుతున్నంతసేపూ ఆయన ముఖంలోకే చూశాడు. ఆ సాయంత్రం సంగటి తింటూ, ఇవాళ నాకు పరీక్ష పెట్టినారు అని నాయన అమ్మతో చెప్పి నవ్వాడు.

ఆ పరీక్ష పెట్టిన మనిషే తన ఊళ్లోనూ ఆరాధన జరపమని అడిగాడు. నాయన సైకిలు మీద పోయేవాడు. పశువుల కొట్టంలో, కళ్లంలో, ఎక్కడ నీడ ఉంటే అక్కడ. చదువు వచ్చినవాళ్లు తక్కువ గనక కీర్తనలూ వాక్యాలూ నోటితోనే నేర్పేవాడు. కన్నడ దేశం సరిహద్దు దగ్గర ఊళ్లలో సగం పాట తెలుగులో, సగం కన్నడంలో సాగేది, ఆయనకు అది తప్పుగా తోచలేదు. ఒక ఊరివాళ్లు తాను లేకుండా పాడి ప్రార్థన చేసుకోగలిగారని తెలియగానే, వాళ్లలోనే ఒకరిని ముందు నిలబెట్టి, తాను నెలకొకసారి బల్లకు మాత్రమే వెళ్లేవాడు. అలా నిలబెట్టిన మొదటివాడు ఆ ముసలవ్వ అల్లుడు, రాళ్లు కొట్టుకుని బతికేవాడు. రాళ్లు కొట్టేవాడు అయ్యగారా అని మా చుట్టాలు కడుపుబ్బ నవ్వారు. నేను లేకపోయినా జరగాల, అంతే, అనేవాడు నాయన. కుర్ర బోధకుడు దీన్నే నాయకుల తయారీ అని తెర మీద చూపించాడు. ఆ బొమ్మలో పొగాకు మరక లేదు.

అమ్మ పుట్టింటివాళ్లు చిలమత్తూరు దిక్కున ఉండేవాళ్లు. తమ్ముడి గృహప్రవేశానికి కూడా ఆమెను పిలవలేదు. ఆ రోజు ఆమె ఇల్లంతా అలికి, ఎండలో పడుకున్న పిల్లిని తరిమి, రాగులు విసురుకుంటూ కూర్చుంది. నా ఎదుట కళ్లనీళ్లు పెట్టుకోలేదు. నేను టీచరు ఉద్యోగం చేసి, ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాచకుండా బతికాను. మా పెద్దనాయన మనవళ్లకు ఇప్పుడు హిందూపురం దారిలో ప్లాట్లున్నాయి, కార్లున్నాయి. పెళ్లిళ్లలో కలిసినప్పుడు వాళ్లలో ఒకడు, మీ నాయన ఆస్తినంతా ఆ గిన్నెలోనే తాగేసినాడు కదత్తా అంటాడు. ఔను, తాగేశాడు. మన ఇంట్లో ఆస్తి పోగొట్టుకున్న మగవాళ్లు చాలామంది ఉన్నారు; పోగొట్టినందుకు ఊళ్లకు ఊళ్లు లేచి నిలబడి పాడింది ఒక్క ఆయన వెనకే అని వాడికి అక్కడే చెప్పాను. వానలు లేక చితికిపోయారని ఎవరైనా జాలిపడబోయినా ఊరుకోను. మేము వానలు లేక చితికిపోలేదు. తెలిసి, కళ్లు తెరిచి, ఒక గిన్నె కోసం చితికిపోయాం.

ఇప్పుడు ప్రభువు బల్లకు బొటనవేలంత గిన్నెలు వచ్చాయి. కరోనా కాలంలో వచ్చి ఉండిపోయాయి. శుభ్రంగా ఉన్నాయి, నేను తప్పు పట్టను. ఒకరి తరువాత ఒకరు తాగే పని లేదు, ముందెవరు వెనకెవరన్న గొడవా లేదు. కానీ గుడులు చూడండి. వాడవాళ్లకు వాడ గుడి, మిగతావాళ్లకు వేరే గుడి, ఒక్కో కులానికీ ఒక్కో స్పీకరు. సంఘాలు పెరిగాయి, నిజమే, ఆ బాణం గుర్తులు అబద్ధం చెప్పవు. నా వయసు చూసి, ముందు మీరు తీసుకోండి టీచరమ్మా అని పెద్దలు ప్రతిసారీ దారి ఇస్తారు. నేను అందరూ తీసుకున్నాకే లేస్తాను. అడిగినా కారణం చెప్పను; మా వాళ్లలో కారణం తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారు.

ఆనాడు పంట పోయాక, బావిలో మా సగం వాటా, దాని కింది మా పొలం మొత్తం, నీళ్లు రాని నేలను బయటివాళ్లెవరూ అడగకపోతే పెద్దనాయనే కొన్నాడు. ఇల్లు ఆ మరుసటి ఏడు అమ్మాం.