తూర్పు గుమ్మం తప్పిన ప్రోగ్రామ్

ఆ రోజుల్లో మా మారేడ్‌పల్లి ఇంట్లో అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించనిదే ఎవరికీ స్నానం లేదు. ఉన్నదాన్ని సాగదీసుకోవడమే తెలివని మూడో తరగతితో ఆగిన నా చదువు నేర్పింది. (మిగతా తరగతుల్లో ఇంతకంటే ఏం చెబుతారని ఇప్పటికీ నా అనుమానం.) మా మనవరాలికి అప్పుడే కొత్తగా కంప్యూటర్ ఉద్యోగం. ఆరు నెలలు పని చూశాకే ఖాయం చేస్తామన్నారట. ఆఫీసు నా భోజనాల బల్ల మీదే. ఒక మధ్యాహ్నం గోళ్లు కొరుకుతూ కూర్చుంది.

"ఏందే, గోళ్లతోని కడుపు నిండుతదా?" అన్నాను.

"ప్రోగ్రామ్‌కు మెమరీల జాగ చాలుతలేదు నానమ్మా. కొత్త జాగ తీస్కోవాల్నా, ఉన్నదే పెంచుమనాల్నా అని చూస్తున్న."

"ఉన్నదే పెంచుమను. కొత్తది దేనికి, దుబారా!"

నా మీద భయమో, ఓపిక లేకో, అట్లాగే చేసింది. తన కంప్యూటర్లో చక్కగా నడిచింది. ఆ వారమంతా నాకు మీసం ఒక్కటే తక్కువ. తరువాత కస్టమర్ కంప్యూటర్లో అదే ప్రోగ్రామ్ కుప్పకూలింది. (రెండు కంప్యూటర్లలోని సిస్టమ్‌లూ యునిక్స్ అనే ఒకే వంశమేనట. ఒకే వంశమైతే ఒకే బుద్ధి ఉంటుందా? మా ఆడబిడ్డలను చూడలేదు పాపం.) రెండు రోజుల్లో సరిచేయకపోతే ఇంటికి పొమ్మన్నాడట పెద్దసారు.

"గింతకు ఏమైందే?" అన్నాను, గొంతు తగ్గించి.

"మా జాగ మెమరీల అరవై నాలుగో ఎక్కంల వచ్చే నంబర్ కాడనే షురూ కావాలె నానమ్మా. పెంచుమంటే సిస్టమ్ మా డేటా సామానంత తీస్కపోయి ఇంకోకాడ పెట్టింది. నంబర్ తప్పింది. నా కంప్యూటర్ల నసీబ్ బాగుండి తప్పలే."

"అంటే ఇంటి ఓనరు పెద్దిల్లే ఇచ్చిండు గని, గుమ్మం తూర్పుకు లేదు."

"గంతే! తూర్పు గుమ్మమే కావాలని అడిగి కొత్త జాగ తీస్కోవాలె, సామాను మోయాలె, అటెన్క పాతది ఖాళీ చెయ్యాలె. అన్ని సిస్టమ్‌లల్ల నడిచేది గదొక్కటే."

"ఒక్కపారే రెండిండ్లా!" నా ప్రాణం ఉసూరుమంది. "పోనీ, పాతదాంట్ల ఎంత సామానున్నదో గదన్న అడుగు."

"ఒక్కో సిస్టమ్‌ల ఒక్కో తీరు అడగాలె. కొన్నిట్ల అడిగే దారే లేదు. మనమే రాసిపెట్టుకోవాలె."

రాసిపెట్టుకోవడం మాత్రం నాకు నచ్చింది. అట్లా మార్చాక రెండుచోట్లా నడిచింది, ఉద్యోగమూ ఖాయమైంది. మరునాడే మోండా మార్కెట్లో కూరగాయలామెతో, "నేనే చెప్పిన, కొత్తది పట్టుకున్నంకనే పాతది ఇడువుమని" అన్నాను. మనవరాలు పక్కనే సంచి పట్టుకుని నిలబడి ఉంది. టమాటాల వైపు తిరిగి, నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కుంది. అంత గట్టిగా కోతలు కోసిన ఆనాటి ముసలామెను, అంటే నన్నే, తలుచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. ఆ పిల్ల సంచితో పాటు నా పరువునూ మోసుకొచ్చిందని ఆమెకు అప్పుడు తెలియనే లేదు.