మా ఆయన నోరు మెదపని ఆట

మొన్న శనివారం సాయంత్రం దుబాయ్ అల్ నహ్దాలో మా అమ్మాయి ఇంటి బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తూ కిందికి చూస్తే, చుట్టూ వల కట్టిన పచ్చ చాపలాంటి ప్లాస్టిక్ గడ్డి మీద పిల్లలు బంతి ఆడుతున్నారు. గీత అవతల మెళ్లో ఈల వేసుకున్న కోచ్ ఒకతను, వాళ్లు కాలు కదిపిన ప్రతిసారీ ఇటు పో, అటు పో అని అరుస్తున్నాడు. గంటకింతని అద్దె కట్టి ఆడే ఆటలో సగం సేపు పిల్లలు అతని మొహమే చూస్తున్నారు. డబ్బు దండగ అనుకున్నాను. అనుకున్నాక మా ఆయన గుర్తొచ్చారు, ఒకప్పుడు ఆయనా అచ్చం అలాగే అరిచేవారు.

అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, నేను ఫుట్‌బాల్ గురించి రాయడమేమిటని మీరు నవ్వచ్చు. బాపట్ల పక్క పల్లెలో పుట్టి సికింద్రాబాద్ మనిషిని కట్టుకున్నాను. ఆయన స్టాపర్, అంటే గోలుకు ముందు అడ్డంగా నిలబడి ఎదుటివాళ్లను రానివ్వనివాడు. గోలు కొట్టినవాడి ఫోటో పేపర్లో పడుతుంది, కొట్టనివ్వనివాడి మోకాలికి కట్టు పడుతుంది. నాకు ఆ ఆటలో తెలిసిందల్లా ఆ కట్టే. నా పాత నూలు చీరలు చించి వేన్నీళ్లలో ఉప్పు వేసి తడిపి చుట్టేదాన్ని, మర్నాడు విప్పి ఉతికి మళ్లీ అవే చుట్టేదాన్ని.

డెబ్బైల నడుమ ఆయన దుబాయ్ వచ్చారు. దుబాయ్ అని మనం అనుకోవడమే గాని, వచ్చింది షార్జాకు. అక్కడ ఒక క్లబ్బు పెద్దమనిషే ఆయనకు కఫీల్, అంటే వీసా ఇచ్చి పూచీ పడేవాడు. ఆ కఫీల్‌కు మోటారు సామాన్ల గోడౌను ఉండేది, రిజిస్టరులో మా ఆయన పేరు గోడౌను మనిషిగా ఉండేది, చేసే పని మాత్రం బంతి తన్నడం. గ్రౌండంటే గడ్డి కాదు, నీళ్లు చల్లి తొక్కిన ఇసుక. జట్టులో ఇక్కడి అరబ్బులు, సూడాన్ వాళ్లు, పాలస్తీనా వాళ్లు. ఒకరి మాట ఒకరికి రాదు, అయినా వెనక నిలబడి గ్రౌండంతా చూసేది స్టాపరే కాబట్టి ఆయన కేకే అందరికీ కళ్లు. యమీన్ అంటే కుడి, యసార్ అంటే ఎడమ, వెనక మనిషి ఉన్నాడంటే పీఛే ఆద్మీ. పదిమంది ఆ గొంతుకు తిరిగేవారు. నేను పిల్లతో వచ్చి చేరేసరికి ఆయన నిద్రలో కూడా యసార్, యసార్ అని అరిచేవారు.

ఎనభైలు మొదలయ్యేసరికి కుడి మోకాలు ఉబ్బి దిగడం మానేసింది. మా అక్క అప్పటికే అబూధాబీలో నర్సు, సెలవు రోజు వచ్చి మోకాలు నొక్కి చూసి మొహమాటం లేకుండా చెప్పింది, "మరిదీ, ఇది ఖలాస్. ఇంకా ఆడితే చంకలో కర్రే."

మా ఆయన మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. కఫీల్ మంచివాడు, అడ్డం పెట్టకుండా, వేరే చోట చేరొచ్చని విడుదల కాగితం ఇచ్చాడు. అల్ ఐన్‌లో ఒక కాలేజీకి కోచ్ కావాలని తెలిసి వెళితే, అక్కడి ముదీర్, అంటే ప్రిన్సిపాలు, సూడాన్ పెద్దాయన, మూడు నెలలు చూస్తాను, పిల్లలు బాగుపడితే వీసా, లేకపోతే ఇంటికి అని తేల్చాడు. నాకు భయం జీతం గురించి కాదు. గంజి తాగి బతకడం నాకు వచ్చు. బంతి లేకుండా బతకడం ఆయనకు రాదు, సికింద్రాబాద్‌లో ఏ కొట్టు ముందో కూర్చుని గతం చెప్పుకునే మనిషి అయిపోతాడని నా భయం.

మొదటి రెండు పోటీలూ ఓడారు. ముదీర్ మర్యాదగానే, మూడోది చూసి మాట్లాడుకుందాం అన్నాడట. మా ఆయన గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చి, "పోరగాళ్లు ఇంటలేరే! గింత మొత్తుకున్నా ఇంటలేరు" అన్నారు.

కాలేజీ క్వార్టర్సు డాబా మీదికెక్కితే గ్రౌండు కనబడుతుంది. మర్నాడు బట్టలు ఆరేసే వంకతో ఎక్కి చూశాను. వినకపోవడం కాదు, పిల్లలు మరీ వింటున్నారు. బంతి వచ్చినప్పుడల్లా తల తిప్పి ఆయన వైపు చూస్తున్నారు, ఆయన కేక చెవిన పడేలోపు బంతి వెళ్లిపోతోంది. నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. కొత్తలో ఆవిడ నా వెనక నిలబడి ఉప్పు వెయ్యి, కలుపు, దించు అని చెప్పేవారు. ఆవిడ ఊరెళ్లిన రోజున దించమనే మాట కోసం చూస్తూ నేను కూర మాడ్చాను.

ఆ మాటే చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "బంతి తన్నని దానివి, నాకు నేర్పుతవా?"

"తన్నలేదండీ. మాడిన గిన్నె తోమాను."

ఆయన చెప్పులేసుకుని బయటికి పోయారు.

పోటీ రోజుకు గొంతు మరీ పోయింది. నేను డబ్బాలోంచి కరక్కాయ తీసి ముక్క కొట్టి, దవడన పెట్టుకోమన్నాను. "మాట్లాడితే ఊడిపడుద్ది. ఊరినించి తెచ్చుకున్న కాయ, మట్టిపాలు చేశారంటే ఊరుకోను. ఆట అయ్యేదాకా నోరు తెరవబాకండి." గొంతు కోసమా, నోరు మూయించడానికా అన్నట్టు నా వైపు చూశారు. రెండింటికీ అని నేనూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

డాబా మీంచి చూస్తున్నాను. మొదట్లో పిల్లలు అలవాటుగా తల తిప్పారు, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఎదుటివాళ్లు గోలు కొట్టారు. ఆయన ఒక్కసారి డాబా వైపు తలెత్తి చూశారు, నేను అడ్డంగా తల ఊపాను. నా మాట తప్పయితే మా సంసారం విమానం ఎక్కినట్టే.

రెండో సగంలో ఒకప్పటి మా ఆయనలా స్టాపర్‌గా ఆడే పొడుగాటి యెమెన్ పిల్లవాడు, ఇక ఎవరూ చెప్పరని తెలిసినట్టుంది, పగిలిన గొంతుతో యసార్ అని అరిచాడు. ఎడమవైపు వాడు కదిలి బంతి తన్నేశాడు. కాసేపటికి ఇంకొకడు అరిచాడు, తర్వాత గ్రౌండంతా సంతలా మాటలే. ఒక గోలు కొట్టి సమానం చేశారు, ఎదుటివాళ్లను ఇంకొకటి కొట్టనివ్వలేదు.

ఆట అయ్యాక ముదీర్ వచ్చి, "ఏం కోచ్, ఇవాళ నీకు ఒంట్లో బాగాలేదా? ఒక్క మాటా లేదు" అన్నాడట. ఈయన బుగ్గ చూపించారట. పెద్దాయన నవ్వి, "అయితే రోజూ అలాగే ఉండు. యల్లా, రేపు పాస్‌పోర్టు తీసుకురా" అన్నాడట.

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, సంతోషించాల్సిన మనిషి గోడకానుకుని కూర్చున్నారు. "ఒక్కడు సుత నా దిక్కు సూడలేదే" అన్నారు. అదే కదా కావలసింది అన్నాను. "అవును, అదే" అన్నారు. అప్పుడు కళ్లు తుడుచుకోవడం చూశాను, చూడనట్టు కట్టుగుడ్డలు మడత పెట్టుకున్నాను.

ఆ కాలేజీలో ఆయన చాలా ఏళ్లు ఉన్నారు. గ్రౌండులో నోరు మూసుకోవడం నేర్చుకుని, ఆ బాకీ అంతా ఇంట్లో తీర్చుకునేవారు. నేను దోసె తిప్పుతుంటే ఎడమ పక్క మాడుతోందని, చెంబు అందుకుంటుంటే వెనక పిల్ల ఉందని వెనకనించి కేక. నేను విసుక్కునేదాన్ని. నాకు పని రాదా అనేదాన్ని.

ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఇక్కడి గ్రౌండుల్లో ఇసుక లేదు, ఇళ్లల్లో కేకలూ లేవు. మా అమ్మాయి, అల్లుడు, మనవలు ఎవరి పని వాళ్లు చక్కగా చేసుకుంటారు, ఒకరికొకరు చెప్పుకోవలసిన అవసరమే రాదు. పని రావడమంటే అదేనని నేనే అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే పొయ్యి దగ్గర ఒక్కదాన్నే నిలబడ్డప్పుడు, వెనక మనిషి లేడని నాకు నేనే చెప్పుకోవలసి వస్తోంది.